మేనత్తతో మాటల్లేవు

కిందటి వారం మిమ్మల్ని మా అక్క పనిచేసే చోట, ఇనప గేటు ముందు, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టి వెళ్లిపోయాను. ఆ గేటు తెరుచుకుందో లేదో చెప్పకుండా పోయిందేమిటీ మనిషి అని వారమంతా తిట్టుకునే ఉంటారు. తెరుచుకుంది. అయితే లోపలికి వెళ్లేముందు, కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పాలి. మిగతావాళ్లు కాస్త ఓపిక పట్టండి.

మాది ఏటి ఒడ్డు వీధి. మా నాన్నకి మొక్కల నర్సరీ ఉంది. నేనూ ఆయనతోపాటు అందులోనే మట్టి పిసుకుతూ బతుకుతున్నాను. మా అమ్మ వరదలో పోయింది. ఏరు వీధిలోకి వచ్చిన రోజు, నారు పోసిన ట్రేలు తడిసి కుళ్లిపోతాయని వాటిని పై అరల మీదికి ఎత్తుతూ కింది షెడ్డులో ఉండిపోయింది. ఏరు వస్తోందని మాకు చెప్పే నాథుడు లేడు. ఆ తర్వాతి ఏడాది ఊరి చివర డేటా సెంటర్ కట్టారు. ఎక్కడ వాన పడుతుందో, ఏరు ఎప్పుడు పొంగుతుందో ముందే లెక్కగట్టి ఫోన్ చేసి చెప్పే ఏఐ ఒకటి అందులో వచ్చి కూర్చుంది. మా వీధివాళ్లు దానికి మేనత్త అని పేరు పెట్టారు. పొద్దున్నే ఫోన్ చేసి గొడుగు పట్టుకెళ్లు, బట్టలు ఆరేయకు, నీళ్లు తక్కువ వాడు అని సాధించేది మేనత్త కాక ఇంకెవరు? సాధిస్తే సాధించింది గానీ, కిందటేడు ఏరు మళ్లీ వచ్చినప్పుడు ముందు రోజే చెప్పింది. ఇళ్లు మునిగాయి. మనుషులు ఒక్కరు కూడా పోలేదు. మా అక్క ఆ డేటా సెంటర్లోనే, మిషన్లను చల్లబరిచే విభాగంలో ఇంజినీరు.

ఈ ఎండాకాలం మా కుళాయి ధార సన్నబడుతూ వచ్చి, చివరికి దారమైంది. నేను ఆ గేటు దగ్గరికి వెళ్లిన రోజు పొద్దున వీధి కుళాయిలు తిప్పే ఆయన వచ్చి, రేపట్నుంచి వానలు పడేదాకా మన లైను బందు, ఆ నీళ్లు డేటా సెంటర్‌కి పోతాయట, తాగడానికి ట్యాంకర్ వస్తుంది అని చెప్పి తల దించుకున్నాడు. ట్యాంకర్ నీళ్లతో మనుషులు బతుకుతారు. నాన్న పెంచుతున్న వెదురు మొక్కలు బతకవు. అవి అమ్మడానికి పెంచినవి కావు. అమ్మ పోయిన రోజు తెగిపోయిన గట్టు మీద, తొలకరి పడగానే నాటాలని పెంచినవి. వెదురు వేళ్లు గట్టును పట్టుకుంటాయని ఆయన నమ్మకం. మళ్లీ ఏరు ఎవరింట్లోకీ రాకూడదని ఆయన ఆశ.

ఆ కబురు విని నాన్న లోపలికి వెళ్లాడు. వరద నాటి నుంచి తలగడ కింద పెట్టుకుని పడుకునే ఫోన్ని తీసి, మంచం పక్కన సొరుగులో పెట్టి మూసేశాడు. "ఇక ఆవిడకీ నాకూ మాటల్లేవు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. నేను అక్క దగ్గరికి బయల్దేరింది అందుకే.

ఇక గేటు లోపలికి రండి.

అక్క తానే వచ్చి తీసుకెళ్లింది. మెడలో కార్డు, చెవుల మీదికి జారిన జుట్టు, కళ్ల కింద నలుపు. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, "తిన్నావా?"

"తినడానికి రాలేదు."

"అది నీ మొహం చూస్తేనే తెలుస్తోంది. ముందు కూర్చో."

పైపుల గది పక్కన చిన్న గదిలో కూర్చోబెట్టి గ్లాసు నిండా చల్లటి నీళ్లు ఇచ్చింది. పొద్దున్నుంచి గొంతు ఎండిపోయి ఉంది. అయినా తాగబుద్ధి కాలేదు. సంచిలోంచి సీసా తీసి, గ్లాసులో నీళ్లన్నీ అందులో పోసి మూత పెట్టాను. అక్క చూస్తూ నిలబడింది.

"అదేంటే?"

"వెదురుకి. నాన్న తన గ్లాసు కూడా అలాగే చేస్తున్నాడు. ఒక గుక్క తాగుతాడు, మిగిలింది తీసుకెళ్లి మొక్కల మొదట్లో పోస్తాడు. ఇవాళ ఈ వరసకి, రేపు ఆ వరసకి. ఏ వరసకి పోయాలో తెలియక వాటి మధ్య నిలబడిపోతున్నాడు."

అక్క ఇంకో గ్లాసు నింపి, ఈసారి నా చేతికివ్వకుండా నా నోటి దగ్గర పెట్టింది. చిన్నప్పుడు మందు పట్టించినట్టు పట్టించింది. తాగాను. తాగుతుంటే ఏడుపొచ్చింది. దాన్ని కూడా మింగేశాను.

"మా వీధి నీళ్లు ఆపేస్తున్నారు. ఇక్కడికి మళ్లిస్తున్నారట. నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

అబద్ధమాడుతుందనుకుని తిట్లన్నీ సిద్ధం చేసుకుని వచ్చాను. ఒక్క ముక్కలో ఒప్పేసుకునేసరికి అవి నోట్లోనే ఉండిపోయాయి.

ఆమె బల్ల మీద స్క్రీన్ నా వైపు తిప్పింది. ఊళ్లో ఒక్కో వీధికి ఒక్కో గీత. కొన్ని పొడుగు, కొన్ని పొట్టి. అన్నిటికన్నా పొట్టి గీత మీద వేలు పెట్టి, "ఇది మనది" అంది.

"ఏంటిది?"

"ఏ వీధికి ఎన్ని నీళ్లు కావాలో మేనత్త వేసిన లెక్క. ఊరికి నీళ్లు పంచే పని కూడా దీనికే అప్పగించారు కదా. బాగా చేస్తుందనే అప్పగించారు. పైపుల్లో ఎక్కడెక్కడ కారిపోతున్నాయో కనిపెట్టి చెప్పింది ఇదే. అది లేకపోతే కిందటేడే సగం ఊరు ఎండిపోయేది."

"మా గీత అంత పొట్టిగా ఎందుకుంది? మాకంత తక్కువ చాలని దానికి ఎవరు చెప్పారు?"

అక్క స్క్రీన్ మీది వేలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"మీరే చెప్పారే."

నాకు ఒళ్లు మండింది. "మేమా? మేమెప్పుడు చెప్పాం? మా వీధంతా నీళ్లో నీళ్లో అని ఏడుస్తుంటే..."

"ఏడిస్తే దానికి వినపడదు. మీటరు తిరిగితేనే తెలుస్తుంది." ఆమె గొంతు తగ్గింది. "నీళ్లు తక్కువ వాడమని పొద్దున్నే చెబుతుంది కదా. వేరే వీధుల వాళ్లు విన్నట్టే విని ఎప్పటిలాగే వాడుకున్నారు. మన వీధి ఒక్కటే నిజంగా విని తగ్గించింది. తగ్గించిన కొద్దీ, వీళ్లకి ఇంతే చాలు అని రాసుకుంది. మర్నాడు అంతే వదిలింది. దాన్లోనూ మీరు ఇంకాస్త మిగిల్చారు. అది ఇంకాస్త తగ్గించింది."

నాకు నాన్న గుర్తొచ్చాడు.

ఎందుకో చెబుతాను. మా వీధిలో ఇంటింటికీ తిరిగి నీళ్లు పొదుపు చేయించినవాడు మా నాన్న. కిందటేడు అందరూ బతికి బయటపడ్డాక, ఆయనకి మేనత్త మాటంటే మాట. "మన ప్రాణాలు కాపాడింది. ఇంత చేసిన మనిషి నోరు తెరిచి అడిగితే ఈ మాత్రం చేయలేమా?" అని గుమ్మం గుమ్మానికీ వెళ్లి చెప్పాడు. మనిషి కాదు నాన్నా, మిషను అంటే, ఏదైతేనేం అన్నాడు. గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి పెరట్లో పోశారు. స్నానం చెంబుల మీదికి వచ్చింది. పిల్లల తలలు వారానికోసారి. పక్కింటి కుట్టుపని ఆవిడైతే, మీ నాన్న పుణ్యమా అని మా ఆయన చొక్కా ఉతికి ఎన్నాళ్లయిందో అని నవ్వేది. నవ్వుతూనే చేసింది. అందరూ చేశారు. ఊళ్లో ఇంకెవరూ చేయని పని మా వీధి చేస్తోందని నాన్న ఎంత మురిసిపోయాడో నాకు తెలుసు.

ఆ మురిపెమే మా గొంతు కోసిందన్నమాట.

"మేం మిగిల్చిన నీళ్లు ఎటు పోయాయి?" అన్నాను. అడిగేటప్పటికే నాకు జవాబు తెలుసు.

అక్క తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది. ఎదురుగా డాబా మీద పెద్ద పెద్ద డబ్బాల్లాంటి కూలింగ్ టవర్లు. వాటి నెత్తి మీంచి తెల్లటి ఆవిరి లేచి, కాస్త పైకి వెళ్లి, ఎండలో కనపడకుండా పోతోంది. చూడ్డానికి అంత పెద్ద విషయమేమీ కాదు. కుట్టుపని ఆవిడ భర్త చొక్కా, పిల్లల తలస్నానాలు, మా నాన్న సగం తాగిన గ్లాసు, అన్నీ అలా పైకి పోతున్నాయి.

"నీకు ఎప్పటి నుంచి తెలుసు?"

"ఈ వారమే పట్టుకున్నాను. పైవాళ్లకి రాశాను. తప్పే, వానలు పడ్డాక సరిచేద్దాం అన్నారు."

"వానలు పడ్డాక మాకు నీళ్లెందుకు?"

"నేనూ అదే అన్నాను."

"అని చేతులు దులుపుకున్నావు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అక్క మొహం తెల్లబోయింది. లేచి నా చెయ్యి పట్టుకుని, "రా, ఒకటి చూపిస్తాను" అంది.

పైపుల గది దాటితే పొడవైన అద్దం గోడ. దాని అవతల హాలు. బీరువాల్లాంటి నల్లటి పెట్టెలు వరసలు వరసలుగా, కంటి చూపు ఆనినంత దూరం. వాటి నిండా మినుకు మినుకుమంటూ పచ్చ దీపాలు. చెవులు గింగిర్లెత్తే హోరు. ఇంత పెద్దదా మేనత్త అనుకున్నాను. ఇంత ఒళ్లుంటే ఆ మాత్రం దాహం వేయదా అని కూడా అనిపించింది, అంత కోపంలోనూ.

"ఇందులో మేనత్త ఏది?" అంది అక్క.

"ఇదంతా కాదా?"

ఆమె హాలు చివర మూలకి వేలు చూపించింది. అక్కడ గోడకి ఆనించి ఒక్క పాత వరస. "అదీ."

"మిగతావి?"

"ఎవరెవరివో. ఎక్కడెక్కడి వాళ్లో అద్దెకి తీసుకున్నవి. ఒకళ్లు బొమ్మలు గీయించుకుంటారు. ఒకళ్లు ఉత్తరాలు రాయించుకుంటారు. పొద్దుపోక కబుర్లు చెప్పించుకునేవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లిచ్చే అద్దె మీదే ఆ మూల నడుస్తోంది. వరద సంగతి చెప్పినందుకు దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు కదా."

అద్దానికి నుదురు ఆనించి ఆ మూలనే చూస్తూ ఉండిపోయాను. మా వీధిని కాపాడింది అంతే. అద్దెకొచ్చిన వాళ్ల మధ్య ఒక మూలకి సర్దుకుని కూర్చున్న ఒక్క వరస. నాన్న దణ్ణం పెట్టింది దానికి. మా నీళ్లు పోయింది మాత్రం ఈ హాలంతటికీ.

"అయితే మిగతావి ఆపెయ్."

"ఆపే వీలుంటే ఈపాటికి ఆపేసేదాన్ని. కరెంటు నా చేతిలో లేదు. నా చేతిలో ఉన్నది నీళ్ల పైపు ఒక్కటే. అది అందరికీ కలిపి ఒకటే పైపు. నీళ్లు తగ్గితే హాలు వేడెక్కుతుంది. వేడెక్కితే మిషన్లు కాలిపోకుండా వాటంతట అవే ఆగిపోతాయి. ముందు ఆగేది ఏదో తెలుసా? చల్లగాలి అన్నిటికన్నా చివర చేరేది ఆ మూలకి. ముందు ఆగేది మేనత్తే."

అక్క, అద్దంలోకి చూస్తూనే, నాతో కాదన్నట్టుగా మొదలుపెట్టింది.

"అమ్మ పోయిన రోజు మనకి ఎక్కువ అక్కర్లేదే. ఒక్క గంట ముందు తెలిస్తే చాలు. ఒక్క గంట. షెడ్డులోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేవాళ్లం. తిట్టుకుంటూ వచ్చేది. నా నారు, నా నారు అని నాలుగు రోజులు మనతో మాట్లాడేది కాదు. మాట్లాడకపోతే పోయింది, ఉండేది కదా. నేను ఇక్కడ చేరింది ఆ గంట కోసం. ఇంకెవరి పిల్లలూ ఆ గంట కోసం ఏడవకూడదని. ఇప్పుడు నువ్వొచ్చి దాని నోట్లో నీళ్లు తీసెయ్యమంటున్నావు."

"నేను తీసెయ్యమనడం లేదు. మా నోట్లోంచి తీసినవి ఇమ్మంటున్నాను."

ఆమె ఏడుస్తోందని అద్దంలో చూశాను. మా అక్క ఏడవడం అమ్మ పోయినప్పుడు కూడా నేను చూడలేదు. నన్ను పట్టుకుని కూర్చోవడంలో ఆమెకి తీరిక దొరకలేదు.

అయినా నేను ఆపలేదు. "నాన్న సరిగ్గా తినడం మానేశాడు. రాత్రిళ్లు లేచి మొక్కల మొదట్లో మట్టి తడిమి వచ్చి పడుకుంటున్నాడు. అవి పోతే ఆయన ఉంటాడని నాకు నమ్మకం లేదక్కా. అమ్మకి ఇంకేమీ చేయలేక అవి పెంచుతున్నాడు. రేపు కుళాయి ఆగిపోతే ఎల్లుండికి అవి ఉండవు."

"ఎండ దిగనీ. సాయంత్రమైతే హాలు కాస్త తట్టుకుంటుంది. అప్పుడు సగం తిప్పి చూస్తాను."

"సాయంత్రం మా లైను మూసేస్తాడు కదా కుళాయాయన. వదిలితే ఇప్పుడే వదలాలి."

అక్క నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇంకా గుర్తుంది. చిన్నప్పుడు నేను పగలగొట్టినదానికి తను దెబ్బలు తినడానికి వెళ్లేముందు ఇలాగే చూసేది.

పైపుల గదిలోకి నడిచింది. నీలం రంగు వేసిన లావాటి పైపు, దాని మీద ఇనప చక్రం. రెండు చేతులతో పట్టుకుని తిప్పింది. అది కదలనని మొరాయించింది. నేనూ చెయ్యి వేశాను. ఇద్దరం కలిసి, చిన్నప్పుడు బావి గిలక లాగినట్టు ఒళ్లంతా బిగబట్టి సగం దాకా తిప్పాం. పైపులో హోరు సన్నబడింది. పక్కనున్న ఇంకో పైపు, మా వీధి వైపు పోయేది, గొణుగుతున్నట్టు మొదలై నిండుగా పారింది. నేను దాని మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా తగిలింది. మా వీధికి నీళ్లు పోతున్నాయి.

"ఇంట్లో ఎవరో ఒకళ్లు బిందె పెట్టుకుని ఉంటే బాగుండు" అంది అక్క, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ. చాలా రోజులకి ఆమె మొహం కాస్త తేటపడింది. "నాన్నకి ఫోన్ చెయ్."

"ఫోన్ సొరుగులో పెట్టేశాడు. మేనత్తతో మాటల్లేవట."

అక్క నవ్వింది. నేనూ నవ్వాను. ఇద్దరం కలిసి నవ్వి ఎన్నాళ్లయిందో.

ఆ నవ్వు పూర్తి కాకముందే ఇద్దరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. మేనత్త. పొద్దున్నే సాధించే గొంతు కాదు. కిందటేడు వరద ముందు రోజు విన్న గొంతు.

"కొండల్లో పెద్ద వాన కురిసింది. ఏరు దిగి వస్తోంది. సాయంత్రానికి మీ దగ్గరికి చేరుతుంది. ఏట్లో ఎవరూ ఉండొద్దు. ఇసకలో పనిచేస్తున్నవాళ్లు వెంటనే గట్టెక్కండి."

కిటికీలోంచి చూశాను. మబ్బు తునక లేదు. ఎండ మండిపోతోంది. ఈ ఎండలో ఏరు వస్తుందని మేనత్త చెబితే తప్ప ఎవరు నమ్ముతారు?

"నాన్న ఇంట్లోనే ఉంటాడు కదా" అంది అక్క.

"ఇంట్లోనే ఉంటాడు. ఇంకెక్కడికి పోతాడు?" అంటూనే నాన్న నంబరు నొక్కాను. సొరుగులో మోగుతూ ఉంటుందని తెలుసు. మోగగా మోగగా ఎవరో ఎత్తారు. నాన్న కాదు. కుళాయిలు తిప్పే ఆయన. పరిగెత్తుకొచ్చినట్టు ఆయాసపడుతున్నాడు.

"అమ్మాయ్, కుళాయి నిండా నీళ్లొచ్చాయమ్మా. ఎవరు వదిలారో గానీ వాళ్ల కడుపు చల్లగా ఉండాలి. మీ నాన్నకి చెబుదామని ఉరుక్కుంటూ వచ్చాను. మనిషి లేడు. సొరుగులో ఫోన్ మోగుతుంటే తీశాను."

"నర్సరీలో చూడండి. వెదురు దగ్గరుంటాడు."

"చూశానమ్మా. వెదురు కూడా లేదు. తోపుడు బండి లేదు. మొక్కలన్నీ బండికెత్తుకుని పోయాడు. పొద్దున నన్నడిగాడు, ఏట్లో ఇసక తవ్వితే ఇంకా తడి తగులుతోందా అని. తగులుతోందన్నాను. అయితే వానలు పడేదాకా వాటిని అక్కడ పాతిపెడతాను, ఏటి తడే వాటికి దిక్కు అన్నాడు. ఏదో మాటవరసకి అన్నాడనుకున్నాను."

పక్కనే చెవి ఆనించి వింటున్న అక్క ఫోన్ లాక్కుంది.

"బాబాయ్, ఏరు వస్తోంది. మీరు ఏట్లోకి దిగొద్దు. గట్టు మీంచి కేకేయండి. నాన్న కనపడేదాకా గట్టు పట్టుకుని నడవండి" అని ఆయనకి చెప్పి, నా వైపు తిరిగింది. ఫోన్ నా చేతిలో పెట్టింది. "నువ్వు పరిగెత్తు. ఏరు ఏ మలుపు దగ్గరికి ఎప్పుడు వస్తుందో మేనత్త చెబుతూనే ఉంటుంది. ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయకు. నేను ఇది తిప్పేసి వస్తాను."

అని చక్రం మీదికి ఉరికింది. ఇందాక ఇద్దరం కలిసి మూసిన చక్రం. ఇప్పుడు తను ఒక్కతే. మా వీధి కుళాయిలో వచ్చిన నీళ్లు మళ్లీ ఇటే మళ్లాలి, మేనత్త చల్లబడాలి, అప్పుడే మా నాన్నకి ఇంకా ఎంత వ్యవధి ఉందో మాకు తెలుస్తుంది. నేను పరిగెత్తడానికి తలుపు దాకా వెళ్లి, ఆమె ఒక్కతే తిప్పలేక భుజంతో నెట్టడం చూసి, వెళ్లాలో ఉండాలో తెలియక ఆగిపోయాను.

"వెళ్లవే" అంది అక్క, వెనక్కి తిరగకుండానే.

చెవి దగ్గర ఫోన్ మళ్లీ మోగింది. మేనత్త.

"ఏరు ఇందాక చెప్పినదాని కన్నా ముందే వస్తోంది. పై మలుపు దాటింది. మీ వీధి దగ్గరికి ఇంకా..."

అక్కడ ఆగిపోయింది. హలో అన్నాను. మళ్లీ అన్నాను. తలుపు పక్కన అద్దంలోంచి హాలు కనపడుతోంది. వరసలన్నీ పచ్చ దీపాలతో ఎప్పటిలాగే మినుకుమంటున్నాయి. ఎవరెవరి బొమ్మలో, ఎవరెవరి కబుర్లో నడుస్తూనే ఉన్నాయి.

మూల వరస మాత్రం చీకటిగా ఉంది.